పుస్తకంలో పచ్చగడ్డి

మా ఇంటికి పాలు పోసే పెద్దమ్మకు చదువు రాదు. అయినా నా నవల మీద ఇంతవరకూ వచ్చిన విమర్శల్లో నాకు రెండు రాత్రులు నిద్ర లేకుండా చేసింది ఆవిడ చేసిన విమర్శే.

కొత్తగూడెం శివార్లలో ఆవిడకు నాలుగు బర్రెలు, రెండు మేకలు, ఓ చిన్న కొట్టం ఉన్నాయి. ఇంటర్ చదివే మనవరాలు రాత్రిళ్ళు నా నవలను పైకి చదివి వినిపించిందట. అందులో నా కథానాయిక పట్నంలో చదువుకుని వేసవి సెలవులకు పుట్టింటికి వస్తుంది. మిట్టమధ్యాహ్నం బస్సు దిగేసరికి మోకాలి లోతు పచ్చికలో బర్రెలు మేస్తూంటాయి. మొన్ననే ఈనిన బర్రె పక్కన దుడ్డె గెంతులేస్తూంటుంది. సాయంత్రానికి పాలచెంబు నురగలు కక్కుతుంది. రాసుకున్నప్పుడు నాకే ముచ్చటేసిన ఘట్టం అది.

మర్నాడు పొద్దున పాలు కొలుస్తూ పెద్దమ్మ అడిగింది.

"ఏం బిడ్డా, వైశాఖంల నీ బర్రెకు అంత పచ్చగడ్డి యాడ దొరికింది? జర ఆ ఊరి పేరు చెప్పు, మా బర్రెల్ని గూడ ఆడికే తోలుకపోత."

"అది కథ కద పెద్దమ్మా!" అన్నాను నవ్వేస్తూ.

ఆవిడ నవ్వలేదు. "కథైతే మాత్రం, దానికి కడుపుండదా?" అంది.

బి.ఏ.లో తెలుగు సాహిత్యం చదివినదాన్ని. ఔచిత్యం గురించి పేజీలు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఔచిత్యమంటే ఏమిటో ఆ రోజు పాలగిన్నె చేతిలో పట్టుకుని గుమ్మంలో నేర్చుకున్నాను. నేను చేసిన తప్పు ఒకటి కాదు, మూడు. మా వైపు వైశాఖంలో మోకాలి లోతు పచ్చిక ఉండదు. బర్రెలు చలి పడ్డాక ఎదకొచ్చి, పదినెలల పైచిలుకు మోసి, ఎక్కువగా వానాకాలం నుంచి చలికాలం మొదటిదాకా ఈనుతాయి కాబట్టి, నిండు వేసవిలో బాలింత బర్రెలు అరుదు. ఇహ మిట్టమధ్యాహ్నం సంగతా! ఆ నల్లటి ఒంటికి చెమట పట్టేది తక్కువ. అది ఆ వేళ చెరువులో మెడదాకా మునిగి ఉంటుంది గాని, నా కథానాయిక కోసం ఎండలో నిలబడదు.

తప్పు నాదొక్కదానిదే అయితే ఈ వ్యాసం రాయనక్కర లేదు. పుస్తకాలు తిరగేస్తే నాకు తోడు చాలామంది కనిపించారు. మన కథల్లో పశువులు సాధారణంగా గోధూళి వేళ గంటలు మోగించుకుంటూ ఇల్లు చేరడానికే ఉంటాయి. పొద్దుటినుంచీ ఏం మేశాయో ఎవరూ చెప్పరు.

పదిహేనో శతాబ్దంలో అనంతామాత్యుడు భోజరాజీయంలో చెప్పిన ఆవు–పులి కథ వినని తెలుగిల్లు ఉండదు. బిడ్డకు పాలిచ్చి తిరిగొస్తానని పులికి మాటిచ్చి, మాట నిలబెట్టుకున్న ఆవు అది. ఆ కవి చెప్పదలచుకున్నది సత్యం గురించి, ఆయన్ను తప్పుపట్టలేం. తర్వాతి వాళ్ళమే ఆవును సత్యం మీద నిలబెట్టి వదిలేశాం, మళ్ళీ గడ్డిలోకి దింపలేదు. బర్రెకైతే ఆ గౌరవం కూడా దక్కలేదు.

మరి గడ్డి సంగతి తెలిసిన కవులే లేరా? ఉన్నారు. చిత్రమేమిటంటే వాళ్ళలో ఒకాయన చక్రవర్తి. ఆముక్తమాల్యదలో శ్రీకృష్ణదేవరాయలు ముసురుపట్టిన రోజున పల్లెటూరి రెడ్ల ఇల్లు చూపిస్తాడు. వానకు మొలిచిన ఆకుకూరలతో ఆరికెల అన్నం తిని, పశువులు మేతకు పోగా, దూడలు ఒళ్ళు నాకుతూంటే, మేకపెంటికల కుంపటి పెట్టుకుని వాళ్ళు మంచమెక్కుతారు. సింహాసనం మీద కూర్చున్నవాడికి మేకపెంటికల కుంపటి ఎలా తెలిసిందా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఒక్క అనుమానం మాత్రం మిగిలింది. రెడ్లు మంచమెక్కారు సరే, ఆ వానలో పశువుల వెంట పోయిందెవరు? పద్యంలో వాళ్ళు లేరు.

ప్రేమ్‌చంద్ గోదాన్ (1936) మళ్ళీ తీశాను. హోరి ఆవు కోసం పడే తపనే అందరికీ గుర్తుంటుంది. అసలు ఆ బేరం మొదలయ్యేది మేత దగ్గర. భోలాకు పశువులకు వేసేందుకు గడ్డి లేదు, అందుకే ఆవును వదులుకోవాలనుకుంటాడు. ఆ సంగతి తెలిశాక హోరికి మనసొప్పదు, ముందు తన గడ్డి ఇస్తానంటాడు. ఇద్దరి మంచిచెడ్డలూ ఆ గడ్డిమోపు దగ్గరే తేలిపోతాయి. ఇహ శరత్‌బాబు 'మహేష్' కథ నడిచేదీ నా నవల నడిచిన వైశాఖంలోనే. అక్కడ పచ్చిక లేదు. ఊరి పశువుల బయలును జమీందారు డబ్బు చేసుకున్నాడు. గఫూర్ అడిగిన నాలుగు గడ్డిపరకలు ఎవరూ పెట్టలేదు. చివరికి ప్రాణంలా పెంచుకున్న ఎద్దును తన చేతులతోనే కొట్టి చంపి, కూతురి చేయి పట్టుకుని రాత్రికి రాత్రి జనపనార మిల్లుకు వెళ్ళిపోతాడు. మా కొత్తగూడెం వాళ్ళకు ఆ దారి కొత్తది కాదు. ఎడ్లనమ్ముకుని బాయిపనికి వచ్చిన తాతల సంగతి మా వీధిలో ఏ ఇంట్లో అడిగినా చెబుతారు.

"కథ రాస్తే పశువైద్యశాస్త్రం చదవాలా?" అని ఓ రచయిత్రి మిత్రురాలు దెప్పింది. అక్కర్లేదు. ఓ ఏడాది కొట్టానికి వెళ్ళొస్తే చాలు. నేను వెళ్ళాను.

మృగశిర చినుకులు పడగానే నేల పచ్చబడింది. హమ్మయ్య అనుకున్నాను. పెద్దమ్మ మొహంలో ఆ సంబరమే లేదు. లేతగడ్డి ఆబగా తిని బర్రెలు పారుకుంటాయి. గురకరోగం టీకా తొలకరికి ముందే వేయించకపోతే గుండెలు అరచేత పట్టుకోవాలి. పైగా ఆ పచ్చదనమంతా వాటిది కాదు. వరి ఒకరిది, పత్తి ఒకరిది. గెట్ల మీదా, అడవి అంచునా మేపుకోవాలి. ఒక్క క్షణం ఏమరితే చేలో పడతాయి, తగువు ఇంటికొస్తుంది. కళ్ళనిండా పచ్చదనం, నోటికందేది కొంచెం. ఈ సంగతి ఏ నవలలోనూ చదివిన గుర్తు లేదు నాకు.

కోతలయ్యాక అంతా తలకిందులు. నేల ఎండిపోయింది గాని తెరిపిచ్చింది. కొయ్యకాళ్ళలో పశువులు స్వేచ్ఛగా తిరిగాయి, ఈనిన బర్రెలు నిండుగా పాలిచ్చాయి, ఇంట్లో జున్ను వండారు. సంక్రాంతినాటికి పెద్దమ్మ గడ్డివాము చుట్టూ రోజూ తిరుగుతూ కళ్ళతోనే కొలిచేది. పూర్వం జొన్నచొప్ప ఆదుకునేదట. జొన్న పోయి పత్తి వచ్చింది, పత్తికట్టె బర్రె తినదు. కోతమిషను కోసిన చేలో గడ్డి నలిగి పడివుంటుంది, దాన్ని యంత్రంతో మోపులు కట్టించాలంటే మళ్ళీ డబ్బు. శివరాత్రి దాటాక వాము సగానికి తగ్గింది, చెరువు అడుగంటింది, పాలు తగ్గాయి. సరిగ్గా అప్పుడే పెళ్ళిళ్ళు, మజ్జిగలు, "పెద్దమ్మా, ఇంకో లీటరు పోయవా?" అంటూ నాలాంటి వాళ్ళం గుమ్మాల్లో గిన్నెలు పట్టుకుని నిలబడ్డాం.

చైత్రంలో నాలుగు బర్రెల్లో ఒకదాన్ని అమ్మేసింది. ఉన్న గడ్డి మూడింటికే సరిపోతుంది మరి.

అప్పుడర్థమైంది నా తప్పు ఎంతటిదో. నేను చెరిపేసింది ఓ రుతువును కాదు. ఆ రుతువులో ఈ మనిషి పడ్డ యాతననంతా 'పచ్చని' అనే ఒక్క విశేషణంతో తుడిచేశాను. మేత బెంగ తీసేస్తే పశువుల్ని పెంచే ఆడదాని జీవితంలో మిగిలేది కాలెండర్ బొమ్మే. అందుకే పల్లె మీద ఎవరు ఏం రాసినా, ఇప్పుడు నేను ముందు చూసేది అందులోని పశువు ఏ నెలలో ఏం తిందని. నా పాత రచనల్లో సగం ఆ పరీక్షలో తప్పాయి.

రెండో ముద్రణకు ఆ ఘట్టం మార్చి రాశాను. కథానాయిక వచ్చేసరికి కొట్టంలో ఒక గుంజ ఖాళీగా ఉంటుంది. బర్రెను తోలుకుపోతూంటే తల్లి కొంగు నోట కుక్కుకుని ఏడ్చిందని రాశాను. మనవరాలు అదీ చదివి వినిపించింది.

"ఇప్పుడు గడ్డి సక్కగనే ఉంది బిడ్డా," అంది పెద్దమ్మ పాలు పోస్తూ. "కానీ నేనేడ్వలే. పలుపు మాత్రం ఇయ్యలే, ఇప్పి దాసుకున్న."

మూడో ముద్రణంటూ వస్తే ఆ పలుపు సంగతి రాయాలి.