మరణమును జమకట్టిన లెక్క

పొగత్రాగుటవలన చెక్ దేశపు బొక్కసమునకు లాభమా, నష్టమా యని లెక్క కట్టిన నివేదిక యొకటి 2001వ సంవత్సరము జూలైలో లోకమునకు తెలియవచ్చినది. వ్రాయించినవారు అచ్చట సిగరెట్లమ్ము ఫిలిప్ మారిస్ కంపెనీవారు. వ్రాసినవారు ఆర్థర్ డి. లిటిల్ అను సలహాదారుల సంస్థవారు. దీనిని వాఙ్మయమని యెవ్వరు నెంచరు. అయినను వాఙ్మయమును పరీక్షించునట్లే దీనిని పరీక్షింపవలసియున్నది.

ఇట్టి లెక్కకు ఆస్కారమెట్లు కలిగినదో ముందు చెప్పవలెను. అమెరికాలో రోగి వ్యాజ్యము వేసినప్పుడెల్ల, "తెలిసియే త్రాగితివి, తప్పు నీది" యని కంపెనీలు చిరకాలము తప్పించుకొనుచు వచ్చినవి. 1994లో మిసిసిపీ రాష్ట్రపు అటార్నీ జనరల్ మైక్ మూర్ వాదినే మార్చెను. పేదరోగుల వైద్యమునకు సొమ్ము వెచ్చించినది రాష్ట్రము. రాష్ట్రము సిగరెట్టు త్రాగలేదు గదా! ఈ యుక్తి ఫలించినది. మిసిసిపీ మొదలగు నాలుగు రాష్ట్రములు వేరువేరుగ రాజీపడినవి. తక్కిన 46 రాష్ట్రములతో 1998 నవంబరులో కుదిరిన రాజీ ప్రకారము ఇరువదియైదేండ్లలో సుమారు 20,600 కోట్ల డాలర్లు చెల్లించుటకు కంపెనీలు ఒప్పుకొనినవి. వాదము న్యాయమైనదే. కాని ప్రాణనష్టమును ధనరూపమున అడిగినచో, ప్రతివాదియు ధనరూపముననే బదులు చెప్పజూచును. ఆ బదులే చెక్ దేశపు నివేదిక.

1999లో పొగవలన బొక్కసమునకు నికరముగ సుమారు 580 కోట్ల కొరూనాల లాభము కలిగినదని అది తేల్చినది. రోగుల వైద్యము, పనిదినముల నష్టము, అగ్నిప్రమాదములు ఖర్చులో చేరినవి. సుంకములును పన్నులును జమలో చేరినవి. వింత లేదు. వానితోబాటు మరియొక పద్దు కలదు: పొగత్రాగువారు ముందుగా చనిపోవుటచే వార్ధక్యమున వారికీయవలసిన పింఛను, వైద్యము, వసతి వీని ఖర్చు మిగులునట! అకాలమరణము ఈ విధముగ అనుకూలఫలితములలో స్థానము సంపాదించినది. మన ఆలంకారికులు ఔచిత్యభంగమని దేనిని పేర్కొనిరో దానికింతకంటె స్ఫుటమైన ఉదాహరణము నాకు దొరకలేదు. రచయితలు క్రూరులు కారు. వారి వాక్యములలో ద్వేషము లేదు, తొట్రుపాటును లేదు. నాకు భయము గొల్పినది ఆ నిర్వికారమే.

పోనీ, గణితమైన సరిగా నున్నదా? ఆ లాభములో అధికభాగము పన్నులు. సిగరెట్టు మానినవాడు ఆ సొమ్మును గోతిలో పాతిపెట్టునా? బిడ్డకు చెప్పులు కొనును, ఇల్లాలికి చీర కొనును. వానిపైనను పన్ను వచ్చును. ఆ రాబడిని తీసివేయక, పొగపన్ను మొత్తమును పొగకే కానుకగా వ్రాయుట తప్పుడు పద్దు. మా తరగతిలో ఈ లెక్క చెప్పగా ఒక బాలుడు లేచి, "మాస్టారండీ, అయితే మీరు పింఛను పుచ్చుకోకుండానే పోతే సర్కారుకి ఇంకా లాభమేగదండీ!" అనెను. నవ్వితిని. కాని వాని తర్కములో దోషము చూపలేకపోయితిని. అది నివేదికలోని తర్కమే.

గగ్గోలు పుట్టినంతనే, ఆ నెలలోనే కంపెనీ క్షమాపణ చెప్పినది. అంతటితో తప్పంతయు కంపెనీదే యని తీర్పు చెప్పుట సులభము. కాని గెలిచిన అమెరికా రాష్ట్రముల స్థితి చూడుడు. సిగరెట్ల అమ్మకము తగ్గిన కొలది రాజీసొమ్మును తగ్గును. కొన్ని రాష్ట్రములు ముందు రాబోవు సొమ్మును తాకట్టుపెట్టి బాండ్లమ్మి అప్పు తెచ్చుకొనినవి. పొగ మానుమని బోధించు సర్కారే, జనులు నిజముగ మానినచో బాకీ యెట్లు తీర్తునా యని కలతపడవలసి వచ్చినది. వ్యాజ్యము వేసిననాడు రాష్ట్రము కంపెనీకి శత్రువు. పైకము పుచ్చుకొననారంభించిన పిదప పాలివాడు.

చెక్ దేశము మాత్రము 2017 మే 31 మొదలుకొని భోజనశాలలలోను పానశాలలలోను పొగత్రాగుటను నిషేధించినది.