ఉదాసీనత నుండి సంశ్రయానికి: ఫిన్లాండ్ నిర్ణయంపై అర్థశాస్త్ర దృష్టి

కౌటిల్యుని రాజమండలంలో ఉదాసీనుడు బలహీనుడు కాడు. విజిగీషు, అరి, మధ్యముల భూములకు వెలుపల ఉండి, వారిని మించిన బలం గలవాడు. కనుక ఫిన్లాండ్‌ను ఉదాసీన రాజ్యమనడం పొసగదు. తటస్థత 1939లో దానిని సోవియట్ దాడి నుండి కాపాడలేదు; 1948 ఒప్పందం తరువాతి తటస్థత పొరుగు బలవంతుని మనసెరిగి పాటించిన సంయమనమే.

తనకంటె బలవంతునితో చేరిక రాజుకు పెద్ద దోషమని అర్థశాస్త్రం హెచ్చరిస్తుంది. శత్రువుతో యుద్ధంలో ఉన్నవానికే మినహాయింపు. 2023 ఏప్రిల్ 4న నాటోలో చేరేనాటికి ఫిన్లాండ్ యుద్ధంలో లేదు. అయితే ఈ మినహాయింపును అక్షరాలా పాటిస్తే సంశ్రయానికి వేళ మించిపోతుంది. యుద్ధంలో ఉన్న ఉక్రెయిన్‌ను నాటో చేర్చుకోలేదు. రష్యాతో సుమారు 1,340 కిలోమీటర్ల సరిహద్దు గల దేశం ముందుగా చేరడం సమంజసమే. కౌటిల్యుడు చూపిన దోషం మాత్రం తొలగలేదు: ఆ కూటమిలో అగ్రబలం అమెరికాదే.