క్యాసెట్టులో సగం, సర్క్యూట్టులో సగం

డక్ హంట్ ఆటలో ట్రిగ్గర్ నొక్కగానే తెర మీద ఏం జరుగుతుందో ఆడేవాళ్లు చాలామంది గమనించి ఉండరు. ఒక్క ఫ్రేము సేపు తెర మొత్తం నల్లబడుతుంది. తర్వాతి ఫ్రేములో బాతు ఉన్న చోట తెల్లని చదరం ఒకటి మెరుస్తుంది. తుపాకీ గొట్టంలో ఉన్న కాంతి సెన్సర్‌కు ముందు చీకటి, వెంటనే వెలుగు కనిపిస్తే బాతు పడినట్టు. కనిపించకపోతే గురి తప్పినట్టు. అంటే తుపాకీ నుంచి టీవీకి వెళ్లేది ఏమీ లేదు, టీవీ వెలుగే తుపాకీలోకి వస్తుంది. నింటెండో 1984లో జపాన్‌లో తెచ్చిన ఈ ఆట 90లలో నకలు కన్సోళ్లతో పాటు మన ఊళ్లకూ చేరింది. ఇవాళ అదే కన్సోల్‌ను, అదే తుపాకీని ఎల్ఈడీ టీవీకి తగిలించి చూడండి. బొమ్మ వస్తుంది, పాట వినిపిస్తుంది, బాతులు ఎగురుతాయి, ఒక్కటీ పడదు. తుపాకీలోని సర్క్యూట్‌ను పిక్చర్ ట్యూబ్ వెలుగు అదిరే తీరుకు సరిపోయేలా తయారుచేశారు. పైగా కొత్త టీవీ బొమ్మను ఒకసారి తనలో సర్దుకుని కాస్త ఆలస్యంగా చూపిస్తుంది. ప్రోగ్రామ్‌లో అక్షరం ముక్క మారలేదు, ఆట మాత్రం పోయింది.

ఆట అంటే ప్రోగ్రామ్ ఒక్కటేనన్న నమ్మకానికి ఇంతకంటే సూటి జవాబు లేదు. పాత కన్సోళ్లను, క్యాసెట్లను, పిక్చర్ ట్యూబ్ టీవీలను వెతికి తెచ్చి, విప్పి, బాగుచేసి, మళ్లీ ఆడించే సంప్రదాయం ఒకటి జపాన్, అమెరికా, యూరప్ దేశాల్లో స్థిరపడింది. బయటి నుంచి చూసేవాళ్లకు అది పెద్దవాళ్ల బొమ్మల పిచ్చిలా కనిపిస్తుంది. అది చేతిపని అనీ, విద్య అనీ నేను అంటాను. ఒక షరతు కూడా పెడతాను. యంత్రాన్ని బీరువాలో దాచినంత మాత్రాన ఆ విద్యకు విలువ రాదు. విప్పి, కొలిచి, నడిపి, తెలుసుకున్నది నలుగురికీ చెప్పినప్పుడే వస్తుంది.

1977 నాటి అటారీ 2600 తీసుకోండి. దాని మెమరీ 128 బైట్లు. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ ఒక్క తెలుగు వాక్యాన్ని దాచుకోవడానికి కూడా ఆ చోటు చాలదు. ఒక తెర బొమ్మను మొత్తంగా పెట్టుకునే జాగా అందులో లేనే లేదు. అందుకని టీవీలో ఎలక్ట్రాన్ కిరణం పైనుంచి కిందికి గీత తర్వాత గీత గీస్తూ దిగుతుంటే, ప్రోగ్రామ్ దాని వెంటే పరుగెత్తి ఏ గీతలో ఏ రంగు, ఎక్కడ ఏ బొమ్మ అన్నది అప్పటికప్పుడు చెబుతూ ఉండాలి. ఒక్కో గీతకు ప్రాసెసర్‌కు దొరికే వ్యవధి 76 సైకిళ్లు. అది దాటితే బొమ్మ చెదురుతుంది. డేవిడ్ క్రేన్ 1982లో పిట్‌ఫాల్ ఆటను 4 కిలోబైట్లలో రాశాడు. అందులోని అడవికి 255 తెరలు. వాటిలో దేన్నీ మెమరీలో పెట్టలేదు. ఒక చిన్న గణిత సూత్రం ముందుకూ వెనక్కూ తిరుగుతూ ఆ తెరలన్నింటినీ పుట్టిస్తుంది. యంత్రం ఎంత ఇరుకైనదో తెలియనివాడికి ఆ పనిలో ఉన్న ప్రతిభ కనిపించదు. ఇంతకీ ఆ ఇరుకు అర్థం కావాలంటే కిరణం నిజంగా పరిగెత్తే టీవీ ఒకటి ఎక్కడో బతికి ఉండాలి. సెగా మెగా డ్రైవ్ మీద 1991లో వచ్చిన సోనిక్ ఆటలోని జలపాతాలదీ ఇదే సంగతి. చిత్రకారులు వాటిని నిలువు చారలుగా గీశారు. ఆనాటి కాంపోజిట్ వైరు మీద పక్కపక్క రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి కాబట్టి చారలు కరిగి నీటి తెర అయ్యేవి. నేటి టీవీల మీద ఆ చారలు చారలుగానే మిగిలాయి.

మనం గేమ్ క్యాసెట్ అని పిలుచుకున్న డబ్బాలో కూడా ప్రోగ్రామ్ ఒక్కటే ఉండేది కాదు. నింటెండో 1983లో జపాన్‌లో విడుదల చేసిన ఫ్యామికామ్‌లో శబ్దం క్యాసెట్ స్లాట్ గుండా వెళ్లి వచ్చే ఏర్పాటు ఉంది. దాంతో ఆట తయారుచేసే కంపెనీ కావాలనుకుంటే తన సొంత సౌండ్ చిప్పును క్యాసెట్‌లోనే పెట్టుకోవచ్చు. కొనామి 1989లో అకుమాజో డెన్సెట్సు ఆటకు అదే చేసింది. వీఆర్‌సీ6 అనే చిప్పు కన్సోల్ పలికించే స్వరాలకు మరో మూడు జోడించింది. ఆ ఆటే కాసిల్‌వేనియా 3 పేరుతో అమెరికా వెళ్లినప్పుడు అక్కడి కన్సోల్ స్లాట్‌లో ఆ దారి లేదు కనుక సంగీతాన్ని కుదించి మళ్లీ కూర్చాల్సి వచ్చింది. ఒకే ఆట రెండు దేశాల్లో రెండు రకాలుగా వినిపించడానికి కారణం స్లాట్‌లోని పిన్నుల అమరిక. ఈ సంగతి ఆట డబ్బా మీద రాసి ఉండదు. రెండు బోర్డులనూ విప్పి, రాగి దారులు ఎక్కడికి పోతున్నాయో వెతికినవాళ్ల వల్ల తెలిసింది.

ఈ వెతుకులాటకు దాని పద్ధతులు దానికి ఉన్నాయి. ఫ్యామికామ్‌కు అమెరికా రూపంగా 1985లో వచ్చిన ఎన్ఈఎస్ కన్సోల్‌లో ఎర్రలైటు టపటపా కొట్టుకోవడం దాని ప్రసిద్ధ జబ్బు. క్యాసెట్ తీసి ఉఫ్ అని ఊది మళ్లీ పెట్టడం ప్రపంచమంతటా పిల్లలు కనిపెట్టిన వైద్యం. అసలు జబ్బు వేరు. వీడియో క్యాసెట్ ప్లేయర్‌లాగా ఉండాలని నింటెండో పెట్టిన 72 పిన్నుల కనెక్టర్ వాడగా వాడగా పట్టు సడలుతుంది. కన్సోల్‌లో ఒక తాళం చిప్పు, క్యాసెట్‌లో దానికి జోడీ చిప్పు ఉంటాయి. వాటి మధ్య సంభాషణ తెగగానే కన్సోల్ తనను తాను మళ్లీ మళ్లీ రీసెట్ చేసుకుంటుంది. ఊదడం వల్ల ఒరిగింది లేదు, తీసి పెట్టడంలో పిన్నులు మళ్లీ సరిగా తగిలేవి, అంతే. ఊపిరిలోని తేమ మాత్రం రాగిని తినేసింది. అందుకే పని తెలిసినవాళ్లు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పిన్నులను తుడుస్తారు, కనెక్టర్‌ను విప్పి శుభ్రం చేస్తారు, ఊదనివ్వరు.

అంతకంటే నిశ్శబ్దంగా చంపేది కెపాసిటర్. అల్యూమినియం డబ్బాలో ద్రవం పోసి మూసిన ఈ చిన్న భాగం ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోతుంది, లేదా కారుతుంది. 1990 నాటి సెగా గేమ్ గేర్‌లో శబ్దం సన్నబడి, తెర వెలిసిపోయిందంటే సాధారణంగా కారణం ఇదే. మైక్రోసాఫ్ట్ 2001లో తెచ్చిన తొలి ఎక్స్‌బాక్స్ పరిస్థితి మరీ అన్యాయం. గడియారాన్ని కాసేపు నడపడానికి పెట్టిన ఒకే ఒక్క కెపాసిటర్ కారి, పక్కనున్న రాగి గీతలను కొరికేస్తుంది. వాడకుండా అటక మీద పెట్టినా కారుతుంది. వైద్యం మాత్రం తేలిక: దాన్ని తీసేసి, కింద బోర్డును తుడవడం. చాలా బోర్డుల్లో అది లేకపోయినా మిగతా యంత్రం చక్కగా నడుస్తుంది. గేమ్ గేర్‌లోనైతే పాతవాటిని ఒక్కొక్కటే ఊడదీయాలి. కారిన ద్రవాన్ని కడగాలి. అదే కెపాసిటెన్స్, అంతే వోల్టేజీ లేదా అంతకంటే ఎక్కువ తట్టుకునే కొత్తది తెచ్చి, ప్లస్ మైనస్ చూసి సోల్డర్ చేయాలి. బోర్డుకు అంటిన రాగి పలక ఊడి రాకుండా వేడి ఎంతసేపు ఆనించాలన్నది పుస్తకం చదివితే వచ్చేది కాదు. పాడైపోయిన బోర్డుల మీద చెయ్యి తిరగాలి.

పసుపెక్కిన ప్లాస్టిక్‌ను తెల్లబరిచే పద్ధతి గురించి మాత్రం నాకు అంత ఉత్సాహం లేదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలోనో అతినీలలోహిత దీపం కిందో పెడితే సూపర్ నింటెండో పై డబ్బా మళ్లీ బూడిద రంగుకు వస్తుంది. 2008 నుంచి ఈ పద్ధతికి మంచి పేరుంది. పూత సమంగా పడకపోతే మరకలు తేలతాయి, కొన్నేళ్లకు పసుపు తిరిగి వస్తుంది కూడా. ఆట నడవడానికి డబ్బా రంగుతో పనిలేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. కెపాసిటర్ మార్చి, బ్యాటరీ మార్చి, కనెక్టర్ మార్చాక అది పాత వస్తువు ఎలా అవుతుంది? ముట్టకుండా ఉంచితేనే కదా అసలుది మిగిలేది? సంత ఈ మాటనే నమ్మింది. సీలు విప్పని సూపర్ మారియో 64 ప్రతి ఒకటి 2021 జులైలో హెరిటేజ్ వేలంలో 15,60,000 డాలర్లకు పోయింది. కోటికి పైగా అమ్ముడైన ఆట అది, దానిలో అరుదైన ప్రోగ్రామ్ ఏదీ లేదు. ధర పలికింది ప్లాస్టిక్ కాగితం నునుపుకు. ఆ డబ్బా నుంచి మనకు తెలిసేది ఏమిటి? నింటెండో, సోనీ కలిసి చేయబోయి మానేసిన ప్లేస్టేషన్ నమూనా యంత్రం కథ దీనికి పూర్తిగా భిన్నం. క్యాసెట్ స్లాటూ సీడీ డ్రైవూ రెండూ ఉన్న ఆ యంత్రం దొరికినప్పుడు సీడీ డ్రైవ్ పనిచేయలేదు. బెన్ హెక్ అనే హార్డ్‌వేర్ నిపుణుడు దాన్ని విప్పి, లోపలి చిప్పులను కెమెరా ముందు చూపించి, 2017లో డ్రైవ్‌ను నడిపించాడు. అది 2020 మార్చిలో 3,60,000 డాలర్లకు అమ్ముడైంది. అప్పటికే దాని లోపలి అమరిక ప్రపంచానికి తెలిసిపోయింది. విప్పినందువల్ల అది తక్కువేమీ కాలేదు. పుస్తకానికి బైండింగ్ మార్చినంత మాత్రాన పుస్తకం మారదు. మార్చింది ఏమిటో రాసిపెడితే చాలు. మంచి మెకానిక్ తీసేసిన భాగాలను కూడా కవరులో వేసి యంత్రంతో పాటే ఉంచుతాడు.

రెండో ఆక్షేపణ బలమైనది. పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాములు, అంటే ఎమ్యులేటర్లు ఉన్నాయి కదా, ఫోన్‌లోనే వేల ఆటలు నడుస్తున్నాయి, ఇనుప సామాను ఎందుకు? ఎమ్యులేటర్‌ను చిన్నచూపు చూసే సేకర్తలతో నాకు ఏకీభావం లేదు. ఎక్కువమందికి పాత ఆట అందేది దాని ద్వారానే. నికోలా సాల్మోరియా 1997లో మొదలుపెట్టిన మేమ్ ఎమ్యులేటర్ ప్రాజెక్టు లేకపోతే ఎన్నో ఆర్కేడ్ ఆటలు పేరు కూడా మిగలకుండా పోయేవి. కానీ ఎమ్యులేటర్ రాసేవాడు దేన్ని చూసి రాస్తాడు? కాప్‌కామ్ సీపీఎస్-2 ఆర్కేడ్ బోర్డులు ప్రోగ్రామ్‌ను సంకేత భాషలో దాచి, తాళపు అంకెలను బ్యాటరీతో బతికే మెమరీలో పెట్టాయి. బ్యాటరీ అయిపోతే అంకెలు పోతాయి, బోర్డు మూగబోతుంది. బతికున్న బోర్డులను సంపాదించి, అవి చనిపోకముందే ప్రశ్నలు అడిగి జవాబులు రాబట్టినవాళ్ల శ్రమ మీద 2007లో ఆ సంకేతం విడిపోయింది. ఆ తర్వాత కొన్నేళ్లకు చనిపోయిన బోర్డులకు కూడా అంకెలను తిరిగి ఎక్కించే దారి దొరికింది. 1975 నాటి 6502 ప్రాసెసర్ పై కప్పు తీసి, లోపలి సిలికాన్‌ను మైక్రోస్కోపు కింద ఫొటోలు తీసి, ఒక్కో ట్రాన్సిస్టర్‌ను గీసిన విజువల్ 6502 బృందం పని 2010లో బయటికి వచ్చింది. ఆపిల్ 2, అటారీ, ఫ్యామికామ్ అన్నీ ఆ ప్రాసెసర్ కుటుంబానివే. యంత్రానికీ ఎమ్యులేటర్‌కూ తేడా వస్తే సాక్ష్యం చెప్పవలసింది యంత్రమే. ఆ సాక్షికీ వయసు మీద పడుతోంది. సూపర్ నింటెండో సౌండ్ చిప్పును సెకనుకు 32,000 శబ్ద నమూనాలు పలికించేలా రూపొందించారు. చాలా కన్సోళ్లలో అది అంతకంటే కాస్త వేగంగా నడుస్తోందని 2025లో వివిధ దేశాల ఔత్సాహికులు కొలిచి చూపారు. ఒక్క యంత్రాన్ని చూసి ఇదే ప్రమాణం అనలేం కాబట్టే అనేక యంత్రాలు, అనేక ఇళ్లలో బతికి ఉండాలి. డిస్క్ ఆటల నకళ్లను భద్రపరిచే రీడంప్ ప్రాజెక్టు కూడా వేర్వేరు డిస్కుల నుంచి తీసిన రెండు నకళ్లు బైటుకు బైటు సరిపోతేనే ఆ నకలును ధ్రువపరుస్తుంది. ఒకే కావ్యానికి పలు ప్రతులు తెప్పించి, పండితుల చేత పాఠాలు సరిచూపించిన సి.పి. బ్రౌన్‌ను ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ జాగ్రత్త కొత్త కాదు.

కంపెనీలే తమ పాత ఆటలను మళ్లీ అమ్ముతాయి కదా అనేవాళ్లూ ఉన్నారు. అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో చేసిన అధ్యయనం ప్రకారం, అక్కడ 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం అప్పటికి బజారులో దొరికేవి కావు. అదే ఏడాది మార్చి 27న నింటెండో తన వీ యూ, 3డీఎస్ కన్సోళ్ల ఆన్‌లైన్ దుకాణంలో అమ్మకాలు ఆపేసింది. అందులో మాత్రమే అమ్మిన ఆటలను కొత్తగా కొనుక్కునే మార్గం మూసుకుపోయింది. పరిశోధకులకు పాత ఆటలను దూరం నుంచి ఆడి చూసే వీలు కల్పిస్తామని గ్రంథాలయాల తరఫున వచ్చిన వినతిని అమెరికా కాపీరైట్ కార్యాలయం 2024 అక్టోబరులో తిరస్కరించింది. సినిమాకు, పుస్తకానికి దొరికిన మర్యాద ఆటకు ఇంకా దొరకలేదు. చట్టం మారేదాకా ఆ బరువు మోస్తున్నది బల్ల మీద సోల్డరింగ్ ఐరన్ పెట్టుకు కూర్చున్న సామాన్యులు. అది నాకు న్యాయంగా తోచదు.

మన నకలు కన్సోళ్ల చరిత్రను మాత్రం ఎవరూ సరిగా రాయలేదు. చిప్పు మీద నల్లని బంక బొట్టు, పేరు లేని బోర్డు, క్యాసెట్ మీద వేల ఆటలని రాసి లోపల పదో ఇరవయ్యో ఆటలు. చాలా తెలుగు ఇళ్లలో ఇవే తొలి కంప్యూటర్లు. నాకు తెలిసినంతలో ఏ మ్యూజియమూ వీటిని అడగలేదు. మీ అటక మీద అలాంటిది ఉంటే పాత సామాన్లవాడికి వేయకండి. దొరికిన అడాప్టర్ పెట్టి ఆన్ చేయకండి. వోల్టేజీ, ప్లస్ మైనస్ సరిపోయాయో లేదో ముందు చూడండి. తుపాకీ ఉంటే దాన్నీ, పిక్చర్ ట్యూబ్ టీవీ ఉంటే దాన్నీ కలిపి ఉంచండి. ఆ టీవీని మీరుగా విప్పవద్దు. ప్లగ్గు తీసేశాక కూడా ట్యూబులో వేల వోల్టులు నిలిచి ఉంటాయి. ఆ పని తెలిసిన మెకానిక్ మీ ఊళ్లో ఇంకా ఉంటే ఆయన చేత బాగుచేయించండి. డబ్బా విప్పినప్పుడు బోర్డుకు రెండు వైపులా ఫొటోలు తీసి, ఎక్కడ కొన్నారో, ఏ ఏడాదో రాసి పెట్టండి.