నిమిషంన్నర ప్రేమకథలు

ఫోన్‌ను నిలువుగా పట్టుకుని చూసే నిమిషం, నిమిషంన్నర ఎపిసోడ్ల ప్రేమకథలను అమెరికాలో ‘వర్టికల్స్’ అంటున్నారు. ఒక్కో కథకు 60 నుంచి 100 దాకా ఎపిసోడ్లు ఉంటాయి. అన్నీ కలిపితే ఒక సినిమా నిడివి. చైనాలో పుట్టి పెరిగిన ఈ పద్ధతిని కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఉన్న క్రేజీ మేపుల్ స్టూడియో, 2022లో తెచ్చిన రీల్‌షార్ట్ యాప్‌తో అమెరికన్లకు అలవాటు చేసింది. మరుసటి ఏడాది వచ్చిన ‘ది డబుల్ లైఫ్ ఆఫ్ మై బిలియనీర్ హస్బెండ్’తో దీని పేరు మారుమోగింది.

అంతకు ముందే హాలీవుడ్ ఇలాంటి ప్రయత్నం చేసి దెబ్బతింది. నిర్మాత జెఫ్రీ కాట్జెన్‌బర్గ్ 175 కోట్ల డాలర్లు సమీకరించి 2020 ఏప్రిల్‌లో ప్రారంభించిన క్విబీ యాప్ ఆ డిసెంబరుకే మూతపడింది. పేరున్న తారలకు, డబ్బుకు అక్కడ కొదవ లేదు. లోపమల్లా రాతలోనే. మామూలు కథను పది నిమిషాల లోపు ముక్కలుగా కోశారు తప్ప, ఎక్కడ ఆపాలో ముందే అనుకుని కథ రాయలేదు.

వర్టికల్‌కు ఆపే చోటే ప్రాణం. తరచూ కనిపించే ఒక సన్నివేశం చూడండి. విందులో వడ్డిస్తున్న అమ్మాయి మీద ఓ గొప్పింటావిడ కావాలనే వైన్ ఒలకబోస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. అమ్మాయి తల దించుకుంటుంది. తలుపు తెరుచుకుని నల్లసూటు వేసుకున్న ఒకతను లోపలికొస్తాడు. ‘ఆమె ఎవరో తెలుసా మీకు?’ అంటాడు. సశేషం. మొదటి కొన్ని భాగాలు ఉచితం, ఆ తర్వాతి వాటి తాళం తీయడానికి యాప్‌లో నాణేలు కొనుక్కోవాలి.

నిలువు తెరలో ఇద్దరు పక్కపక్కన నిలబడితే ఇరుకు. అందుకే కెమెరా ముఖాన్ని వదలదు. షాండ్లియర్, మేడ మెట్లు వెనక మసకగా మెరుస్తాయి. సాధారణంగా 3 లక్షల డాలర్ల లోపు ఖర్చుతో, వారం పది రోజుల్లో, లాస్ ఏంజెలెస్‌లో అద్దె బంగళాలో షూటింగ్ ముగిస్తారు. తళుకుకు అంత చాలు, ఎందుకంటే ఈ కథల అసలు ఆకర్షణ సిరిసంపదల్లో లేదు. చులకనైన మనిషికి అందరి ముందూ గౌరవం దక్కే ఘడియలో ఉంది. కారు, నెక్లెస్, మేడ ఆ గౌరవానికి సాక్ష్యాలు.

తెలుగు పాఠకులకు ఇది కొత్త రుచి కాదు. 1960లలో సీరియల్‌గా వచ్చిన యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’లో జయంతి, రాజశేఖరంల కథను ఆడవాళ్లు ఇలాగే ఎదురుచూసి చదివారు. కాకపోతే జయంతికి ఆత్మాభిమానం, ఉద్యోగం, తనదైన మాట ఉన్నాయి. ఆమె మనసు విప్పడానికి రచయిత్రికి పేజీలకు పేజీలు దొరికాయి. వర్టికల్ నాయికకు అంత తీరిక లేదు. ఈ కథల్లో పెద్ద వెలితి అదే.

అమెరికా నటీనటుల సంఘం సాగ్-ఆఫ్ట్రా 2025 అక్టోబరులో, 3 లక్షల డాలర్ల లోపు తీసే వర్టికల్స్ కోసం ప్రత్యేక ఒప్పందం ప్రకటించింది. పనిచేసేవాళ్లకు అది మేలు. ఇక చూసేవాళ్ల సంగతి. నాణేలుగా విడివిడిగా కడితే, ఒక కథ ముగిసేసరికి సినిమా టికెట్టుకు మించి ఖర్చవుతుంది. ఆ మొత్తం ధరను యాప్‌లు మొదటి ఎపిసోడ్ పక్కనే చూపించాలి.