సవరణకు దొరకని సర్వనామం

రాజ్యాంగ సభ అనగానే మా తిరుపతి వాళ్ళం తిరుచానూరులో పుట్టిన అనంతశయనం అయ్యంగారినే తలుచుకుంటాం. తప్పులేదు. కానీ ఆ సభా చర్చలు చదువుతుంటే నన్ను నిలబెట్టేసింది జి. దుర్గాబాయి. అప్పటికింకా ఆమె పేరు పక్కన దేశ్‌ముఖ్ చేరలేదు. పెద్దల సభకు కనీసం 35 ఏళ్ళుండాలన్న ప్రతిపాదనను 30కి తగ్గించమని 1949లో ఆమె సవరణ తెచ్చారు. నెగ్గింది. ఈనాటి 84వ అధికరణలోని 30 ఆమెదే.

ఆ వాక్యాన్నే ఇంగ్లీషులో మళ్ళీ చదివాను. ముప్పై నిండాల్సిన ఆ వ్యక్తి ‘హీ’! సభలో 15 మంది స్త్రీలున్నా ఆ మాట కదల్లేదు. పుంలింగంలో స్త్రీలూ కలుస్తారని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం అంటుంది. చట్టానికి అది చాలు. తెలుగుకి చాలదు. ‘అతడు వచ్చాడు’లో నేనెక్కడ ఇమడను? ‘వచ్చింది’ అంటే ఆవుతో, బస్సుతో కలిసి నిలబడాలి. ‘వారు’ అన్నప్పుడే ఇద్దరికీ చోటు.

అంకె మారింది, సర్వనామం మిగిలింది. నా సిద్ధాంత గ్రంథంలో ‘పాఠకుడు’ అని ఎన్నిచోట్ల రాశానో మొన్న లెక్కపెట్టబోయాను. రెండో అధ్యాయంలోనే ఆపేశాను.