నకారపొల్లు తెలిసిన పైథాన్, తెలియని పైథాన్

పాత తెలుగు పుస్తకాల అచ్చులో 'వచ్చెౝ' వంటి మాటల చివర నకారం ఒక్కోసారి వింతరూపంలో కనిపిస్తుంది. అది నకారపొల్లు. మనమిప్పుడు 'న్' అని రాసేదానికి వెనకటివాళ్లు పెట్టుకున్న వేరే గుర్తు. యూనికోడ్‌లో దానికి చోటు దొరికింది 2021లో, 14.0 వెర్షన్‌తో.

ఇప్పుడొక చిన్న ప్రోగ్రాము అనుకోండి. పాత పుస్తకాల పాఠంలో అక్షరాలనూ గుణింతపు గుర్తులనూ ఉంచి, మిగతా చెత్తంతా ఏరేయడం దాని పని. ఏది అక్షరం, ఏది గుర్తు అన్నది పైథాన్‌నే అడిగి తెలుసుకుంటుంది. పైథాన్ 3.11లో నడిపితే 'వచ్చెౝ' చెక్కుచెదరకుండా బయటికొస్తుంది. కోడ్‌లో చుక్క కూడా మార్చకుండా 3.10లో నడిపితే 'వచ్చె' అని వస్తుంది. పొల్లు రాలిపోయింది. ఎర్రర్ రాలేదు, హెచ్చరికా రాలేదు. వెయ్యి పేజీలు ఇలా వడగట్టాక ఎవరైనా మూలంతో పోల్చి చూస్తే తప్ప ఈ నష్టం తెలియదు.

కారణం సులువైనదే. ప్రతి పైథాన్ వెర్షన్ తనతోపాటు ఒక యూనికోడ్ పట్టికను మోసుకొస్తుంది. 3.10లో ఉన్నది 13.0 పట్టిక, 3.11లో ఉన్నది 14.0. పాత పట్టికలో మన పొల్లు ఉండాల్సిన గది ఖాళీగా ఉంది. ఖాళీ గదిలోది అక్షరం కాదు కాబట్టి ప్రోగ్రాము దాన్ని తీసేసింది. తప్పు ప్రోగ్రాము రాసినవాళ్లదీ కాదు, పైథాన్‌దీ కాదు. రెండు వెర్షన్ల మీదా నడిపి చూడకపోవడమే తప్పు.

ఇంకాస్త వెనక్కి వెళితే తేడా మరీ పెద్దది. 'భూపాలపల్లి'ని యూటీఎఫ్-8లో మామూలు స్ట్రింగ్‌గా రాసి, పొడవెంత అని పైథాన్ 2.7ను అడిగితే 30 అంటుంది. అది లెక్కపెట్టేది బైట్లను. పైథాన్ 3ని అడిగితే 10 అంటుంది. అది లెక్కపెట్టేది కోడ్‌పాయింట్లను. రెండో తరగతి పిల్లనడిగితే భూ, పా, ల, ప, ల్లి అని వేళ్లు మడిచి 5 అంటుంది. ముగ్గురి జవాబూ వాళ్ల వాళ్ల లెక్కలో సరైనదే. ఏ లెక్క మీద ఆధారపడుతున్నామో చెప్పగలిగేది మాత్రం మనం రాసుకున్న యూనిట్ టెస్టే.

ఒక టెస్టు రాయడం కష్టం కాదు. దాన్ని ఐదు పైథాన్ల మీద, మార్పు చేసిన ప్రతిసారీ, విసుగు లేకుండా నడపడం కష్టం. 2020 నుంచి పైథాన్ కొత్త వెర్షన్ ఏటా అక్టోబరులో వస్తోంది. ఒక్కోదానికి ఐదేళ్ల పాటు మరమ్మతులు అందుతాయి. అంటే ఏ రోజు చూసినా దాదాపు ఐదు వెర్షన్లు జనం వాడుకలో ఉంటాయి. ఈ చాకిరీ కోసం జర్మనీకి చెందిన హోల్గర్ క్రేకెల్ 2010లో విడుదల చేసిన పనిముట్టు టాక్స్. పైథాన్‌లో టెస్టులు రాసి నడిపే పైటెస్ట్‌కు మూలపురుషుడూ ఆయనే. 2022 డిసెంబరులో టాక్స్‌ను మొదటినుంచీ తిరగరాసి 4వ వెర్షన్‌గా తెచ్చారు. ఇన్నేళ్లయినా దాని పనితనం చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

వాడకం ఇంతే: ప్రాజెక్టు ఫోల్డర్లో టాక్స్.ఐఎన్‌ఐ అనే చిన్న ఫైలు పెట్టి, అందులో పై310, పై311, పై312 అని ఒక వరుసలో రాసి, టెస్టులు నడిపే కమాండ్ ఇంకో వరుసలో రాయాలి. ఆపైన టాక్స్ అని ఒక్క మాట టైప్ చేస్తే చాలు. లోపల ఏం చేస్తుందన్నదే అసలు సంగతి.

మొదట అది మన కోడ్‌ను ముట్టుకోదు. కోడ్ నుంచి ఒక ప్యాకేజీ కడుతుంది, రేపు మనం లోకానికి పంపబోయే మూట లాంటిదే. తర్వాత వెర్షన్‌కొకటి చొప్పున వేరువేరు ఎన్విరాన్‌మెంట్లు తయారుచేసి, ప్రతిదానిలో ఆ మూటను విప్పి ఇన్‌స్టాల్ చేసి, అప్పుడు టెస్టులు నడుపుతుంది. ఈ వరుసలో గొప్ప ఆలోచన ఉంది. మన టేబుల్ మీద పనిచేసే వస్తువును అది పరీక్షించదు, వాడుకరి చేతికి వెళ్లే వస్తువును పరీక్షిస్తుంది. తెలుగు పదాల జాబితా ఒకటి ప్రోగ్రాముకు అవసరమనుకోండి. ఆ ఫైలు మన ఫోల్డర్లో ఉంది, కానీ మూటలో చేర్చడం మరిచిపోయాం. మన దగ్గర అన్ని టెస్టులూ పాసవుతాయి. టాక్స్ కింద పడిపోతాయి. ఈ జాగ్రత్త పూర్తిగా పనిచేయాలంటే కోడ్‌ను ఎస్ఆర్‌సీ అనే ఉపఫోల్డర్లోకి జరపడం మంచిది. లేకపోతే టెస్టు నడిపే తీరును బట్టి, ఇన్‌స్టాల్ అయిన మూటను వదిలేసి పక్కనున్న ఫోల్డర్‌నే పైథాన్ అందుకునే ప్రమాదం ఉంది.

రెండో పట్టుదల: మన కంప్యూటర్లో అమర్చుకున్న ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో అత్యవసరమైన కొన్నింటినే టాక్స్ లోపలికి రానిస్తుంది. మిగతావి కావాలంటే పేరుపెట్టి అడగాలి. ఎన్విరాన్‌మెంట్ బయటి కమాండ్ ఏదైనా పిలవాలన్నా అనుమతి జాబితాలో రాయాలి. కొత్తగా వాడేవాళ్లు దీనికి విసుక్కుంటారు. కానీ 'నా సిస్టంలో నడుస్తోందండీ' అన్న మాట ఎక్కడ పుడుతుందో తెలిసినవాడే ఈ తలుపు ఇలా బిగించగలడు.

ఒక లోటు కూడా చెప్పాలి. స్వతహాగా టాక్స్ పైథాన్లను తెచ్చిపెట్టదు. మన కంప్యూటర్లో ఉన్నవాటిని వెతుక్కుంటుంది. ఏదైనా వెర్షన్ లేక దాన్ని దాటేస్తే, చివరి నివేదికలో ఆ వరుస ఎదురుగా స్కిప్ అని ఉంటుంది. దాన్ని పాస్ అనుకుని ముందుకు పోకూడదు. అన్నీ గట్టెక్కితే మాత్రం కిందన కంగ్రాచ్యులేషన్స్ అని, పక్కన ఒక నవ్వు గుర్తు. ఎన్నిసార్లు చూసినా ఆ వరుస నాకు బాగుంటుంది.

ఇదే పనిని గిట్‌హబ్ యాక్షన్స్ లాంటి సర్వర్ల మీద నడిపేటప్పుడు ఒక గుంట ఉంది, చాలామంది పడ్డది. వెర్షన్ల వరుసలో 3.9, 3.10 అని కొటేషన్లు లేకుండా రాస్తే, యామల్ ఫైలు వాటిని దశాంశ సంఖ్యలుగా చదువుతుంది. లెక్కల్లో 3.10, 3.1 ఒకటే. 3.1 అంటే 2009 నాటి పైథాన్. ఆ సంఖ్యకు రెండువైపులా కొటేషన్ల కాపలా పెట్టక తప్పదు. అలాగే ఒక వెర్షన్ పడగానే మిగతా పరుగులన్నీ ఆపేసే అలవాటు గిట్‌హబ్ యాక్షన్స్‌కు మొదటినుంచే ఉంటుంది. దాన్ని తీసేయాలి. 3.10లో పడ్డది 3.11లో పాసైందన్న సమాచారమే కదా మనకు కావాల్సింది. మన పొల్లు గుట్టు బయటపడేది ఆ రెండు వరుసలూ పక్కపక్కన ఉన్నప్పుడే.

రెండు కాలాల మీద ఒకే కోడ్‌ను నిలబెట్టడం ఎంత ఓపికో వెబ్.పై చరిత్ర చెబుతుంది. ఆరన్ స్వార్ట్జ్ మొదలుపెట్టిన ఆ ఫ్రేమ్‌వర్క్‌ను ఏళ్ల తరబడి చూసుకున్నవారిలో ఆనంద్ చిటిపోతు ఒకరు. 2019లో వచ్చిన 0.40 విడుదల పైథాన్ 2 మీదా 3 మీదా నడిచింది. పైథాన్ 2కు అదే ఆఖరి విడుదల అని అందులోనే ప్రకటించారు. 2020 జనవరి 1తో పైథాన్ 2 గడువు ముగిసింది. పాతవాళ్లను నడిరోడ్డు మీద వదిలేయకుండా, ఒక విడుదల పాటు రెండు ఒడ్లనూ కలిపి ఉంచిన ఆ పద్ధతి నాకెంతో మర్యాదగా అనిపిస్తుంది.

ఇందాక పొడవు లెక్కపెట్టిన భూపాలపల్లి బొగ్గుబాయిల ఊరు. సింగరేణి కేటీకే ఇంక్లైన్లలో షిఫ్టు మొదలయ్యేముందు ప్రతి పనిస్థలాన్నీ తనిఖీ చేయాలి. గ్యాస్ ఉందా అని చూస్తారు. పైకప్పును తట్టి శబ్దం వింటారు. గట్టి కప్పు ఒకలా మోగుతుంది, వదులైనది డొల్లగా పలుకుతుంది. నిన్నటి షిఫ్టులో బాగానే ఉందన్నది ఇవాళ్టికి సాక్ష్యం కాదు. పక్క పనిస్థలంలో బాగుందన్నది దీనికి సాక్ష్యం కాదు. ఈ నియమం తెలిసిన ఇళ్లలో పెరిగిన పిల్లలు ఇప్పుడు ఇంజనీరింగ్ చదివి ప్రోగ్రాములు రాస్తున్నారు. వాళ్లకు టాక్స్ ఏం చేస్తుందో వివరించడానికి నాకు ఇంతకన్నా దగ్గరి మాట దొరకలేదు. ప్రాణాలతో ముడిపడిన ఆ పనికీ దీనికీ పోలిక లేదు, నిజమే. కానీ ప్రతి చోటా, ప్రతిసారీ తట్టి చూడాలన్న పట్టింపు రెండింటిలోనూ ఒకటే.

తెలుగు పాఠంతో పనిచేసే ప్రోగ్రాము మీరు రాస్తుంటే, అది అక్షరదోషాలు చూసేదైనా, నిఘంటువైనా, పాత పుస్తకాల్లో వెతికేదైనా, ఈ రాత్రి ఒక పని చేయండి. టెస్టుల్లో 'వచ్చెౝ' అన్న మాట ఒకటి చేర్చి, 3.10 మీదా 3.11 మీదా టాక్స్‌తో నడిపి చూడండి.