పందొమ్మిదిన్నర గంటల మధ్యాహ్నం

మా తాతయ్య చేతికి గడియారం ఉండేది కాదు. కోనసీమలో మా ఇంటి అరుగు మీద పంచాంగం ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. "పంతులుగారూ, రేపు ప్రయాణానికి ఎప్పుడు బాగుందండీ?" అని ఎవరైనా వస్తే, ముందు సూర్యోదయం ఎప్పుడో చూసి, అక్కణ్నుంచి ఘడియలు లెక్కగట్టి చెప్పేవారు. రోజుకు 60 ఘడియలు, ఘడియకు 24 నిమిషాలు. రాహుకాలాన్ని కూడా క్యాలెండర్లో అచ్చేసిన పట్టిక చూసి చెప్పేవారు కాదు. ఆ రోజు పగలెంతో చూసి, దాన్ని ఎనిమిది భాగాలు చేసి, ఆ వారానికి వచ్చే భాగాన్ని తీసేవారు. పగలు పెరిగితే రాహుకాలమూ పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. చిన్నప్పుడు నాకది మింగుడుపడేది కాదు. కాలం కొలత ఎండాకాలంలో ఒకలా, చలికాలంలో ఒకలా ఎలా ఉంటుంది?

కిందటి నవంబరు మొదటి వారంలో, ప్రాగ్ నగరంలో ఒక గోడ ముందు నిలబడి ఉండగా ఆ లెక్క నాకు పూర్తిగా అర్థమైంది.

వియన్నాకు పని మీద వెళ్లాను. మధ్యలో రెండు రోజులు ఖాళీ దొరికింది. రైల్లో నాలుగు గంటల ప్రయాణం. మొదటి రోజు అందరిలాగే కోట ఎక్కాను, వల్తావా నది మీద చార్లెస్ వంతెన దాటాను. ఆ వంతెనకు నాలుగో చార్లెస్ చక్రవర్తి ముహూర్తం పెట్టించి మరీ శంకుస్థాపన చేశాడని అక్కడ చెప్పుకుంటారు. 1357వ సంవత్సరం, 9వ తేదీ, 7వ నెల, ఉదయం 5 గంటల 31 నిమిషాలు. అంకెలు వరసగా రాస్తే 1, 3, 5, 7, 9, 7, 5, 3, 1. ఎక్కి దిగిన మెట్లలా ఉంటుంది. కథలో ఎంత నిజముందో గానీ, మంచి ఘడియ కోసం వెతకడం మన అరుగుల మీదే కాదన్నమాట అనిపించి నాకు చాలా సంతోషం వేసింది.

రెండో రోజు చూడాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి. నేను ఒక్కదాని దగ్గరే ఆగిపోయాను. పాత పట్టణం కూడలిలో టౌన్‌హాల్ గోడకు ఉన్న ఖగోళ గడియారం. వాళ్లు దాన్ని ఓర్లోయ్ అంటారు. 1410 నాటిది. ఇంకా నడుస్తున్న ఖగోళ గడియారాల్లో అన్నిటికన్నా పాతది. గంట కొట్టే వేళకు దాని ముందు జనం గుమిగూడతారు. పక్కనున్న అస్థిపంజరం తాడు లాగుతుంది, పైన చిన్న కిటికీల్లో పన్నెండుమంది అపోస్తలుల బొమ్మలు ఒకరి తర్వాత ఒకరు కనిపించి వెళతారు, బంగారు కోడిపుంజు కూస్తుంది, గంట మోగుతుంది. అంతా నిమిషం లోపే. తర్వాత జనం చెదిరిపోతారు. అసలు గడియారం మాత్రం అప్పుడే చదవడానికి వీలుగా దొరుకుతుంది.

దానికి నిమిషాల ముల్లు లేదు. బంగారు చెయ్యి ఉన్న ముల్లొకటి, దాని మీద జరిగే సూర్యబింబం, ఇంకో ముల్లు మీద చంద్రుడు, మధ్యకు కాస్త పక్కగా తిరిగే రాశుల వలయం. వెనక పలక మీద పగటికి నీలం, సంజెకు ఎర్రమట్టి రంగు, రాత్రికి నలుపు. మధ్యాహ్నం సరిగ్గా పన్నెండుకు ఆ బంగారు చెయ్యి రోమన్ అంకెల్లో పన్నెండునే చూపిస్తోంది. అయితే అదే చెయ్యి, అన్నిటికన్నా బయటి నల్లటి వలయం మీద 19కీ 20కీ మధ్యలో ఉంది. పందొమ్మిదిన్నర.

అది పాత చెక్ కాలమానం. ఆ లెక్కలో రోజు సూర్యాస్తమయంతో మొదలై, మర్నాటి సూర్యాస్తమయానికి 24 గంటలతో ముగుస్తుంది. అస్తమయం రోజురోజుకూ మారుతుంది కాబట్టి ఆ వలయం కూడా ఏడాది పొడుగునా అటూ ఇటూ జరుగుతుంది. ఆ రోజు పొద్దుగూకేది సాయంత్రం నాలుగున్నరకు. ఇరవై నాలుగులోంచి పందొమ్మిదిన్నర తీసేస్తే నాలుగున్నర గంటలు. అంటే ఇంకా ఎంత వెలుతురు మిగిలిందో ఆ అంకె చెబుతుంది. పొలంలో ఉన్నవాడికీ, చీకటి పడేలోగా ఊరు చేరాల్సినవాడికీ కావాల్సింది అదే కదా. మనమూ "బారెడు పొద్దెక్కింది", "పొద్దు వాలింది" అని ఆకాశాన్ని చూసే చెప్పుకున్నాం.

అదే పలక మీద ఇంకో కొలత కూడా ఉంది. నీలం మీద వంపు తిరిగిన బంగారు గీతలు పగటిని పన్నెండు సమభాగాలుగా కోస్తాయి. పగలు ఎంతుంటే గంట అంత. జూన్‌లో ప్రాగ్‌లో పగలు 16 గంటలకు పైనే, అప్పుడు ఒక్కో గంట 80 నిమిషాలు దాటుతుంది. డిసెంబరులో పగలు 8 గంటలే, అప్పుడు 40 నిమిషాలు. నేను నిలబడ్డ రోజు వేళ్ల మీద లెక్కవేస్తే 48 నిమిషాలు వచ్చింది. అంటే రెండు ఘడియలు, ఒక ముహూర్తం. నాకు ఒళ్లు జలదరించింది. తాతయ్య రాహుకాలాన్ని పగలుతో పాటు సాగదీసిందీ కుదించిందీ ఈ పద్ధతిలోనే. ఈ సాగే గంటలకు పాత రోజుల్లో ఒక్కో గ్రహాన్ని అధిపతిగా చెప్పేవారు. మన పంచాంగంలో వాటినే హోరలంటాం. ఆ హోర అన్న మాట గ్రీకు నుంచి వచ్చిందనీ, ఇంగ్లీషు అవర్‌కూ అదే మూలమనీ పండితులు చెబుతారు.

ఒక్క చోట మాత్రం తాతయ్యకూ ఈ గడియారానికీ పొసగదు. ఆ రోజు సూర్యబింబం దాని మీద వృశ్చికంలో ఉంది. మన పంచాంగం ప్రకారం ఇంకా తులలోనే ఉండాలి. వాళ్లు విషువత్తు నుంచి లెక్కపెడతారు, మనం స్థిర నక్షత్రాల నుంచి. రెంటికీ ఇప్పుడు దాదాపు 24 డిగ్రీల ఎడం. తాతయ్య పక్కనుంటే ఆ పలక ముందు ఎంతసేపు వాదించేవారో.

లోపలి పని ఇంకా అందమైనది. మూడు పెద్ద పళ్ల చక్రాలు ఒకే ఇరుసు మీద తిరుగుతాయి. రాశుల చక్రానికి 365 పళ్లు, సూర్యుడి చక్రానికి 366, చంద్రుడి చక్రానికి 379. మూడింటినీ తిప్పేది 24 పళ్ల చిన్న చక్రాలే. నక్షత్రాలు సూర్యుడి కన్నా రోజుకు దాదాపు నాలుగు నిమిషాలు ముందే తిరిగొస్తాయి. ఏడాది తిరిగేసరికి అది ఒక పూర్తి చుట్టు అవుతుంది. ఆ తేడాను ఇక్కడ ఒకే ఒక్క పన్నుతో పట్టుకున్నారు. చంద్రుడు రోజుకు సుమారు 50 నిమిషాలు వెనకబడతాడు, అందుకని అతనికి మరో పదమూడు పళ్లు ఎక్కువ.

ఇంత పని చేసిన మనిషి పేరు చాలా కాలం మరుగున పడిపోయింది. దీన్ని చేసింది హనుష్ అనీ, ఇలాంటిది మరో ఊరికి చేసిపెట్టకుండా నగర పెద్దలు అతని కళ్లు పొడిపించారనీ కథ. తాజ్‌మహల్ కట్టినవాళ్ల చేతులు నరికించారని మన దగ్గరా చెబుతారు. ఈ కథలంటే నాకు గిట్టదు. శిల్పి పడిన బాధనే మిగుల్చుతాయి, అతని పనిని మరిపిస్తాయి. పదహారో శతాబ్దంలో ఈ గడియారాన్ని ఏళ్ల తరబడి శ్రద్ధగా చూసుకున్న యాన్ తాబోర్‌స్కీ కూడా 1570లో రాసిన గ్రంథంలో హనుష్ పేరే చెప్పాడు. చివరికి 1960లలో పరిశోధకులు పాత పత్రాలు తిరగేసి అసలు పేరు తేల్చారు. కదాన్ ఊరికి చెందిన మికులాష్. లెక్కలు కట్టినవాడు విశ్వవిద్యాలయంలో బోధించిన యాన్ షిండెల్ అని భావిస్తున్నారు.

1945 మే నెలలో, యుద్ధం చివరి రోజుల్లో, జర్మన్ల కాల్పులకు టౌన్‌హాల్ కాలిపోయింది. ఈ గడియారం బాగా దెబ్బతింది. కూలిన భాగాలు ఏరి, అతికి, 1948కి మళ్లీ నడిపించారు. 2018లో ఇంకోసారి బాగుచేశారు. ఆరు వందల ఏళ్లు దాటినా అది నడుస్తోందంటే, ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు దాని పళ్లు తుడిచి, నూనె వేసి, చంద్రుడు తప్పితే సరిచేశారు. వాళ్లలో చాలామంది పేర్లు మనకు తెలియవు. తాతయ్యకు పంచాంగం చూడడం నేర్పినవారెవరో కూడా నాకు తెలియదు. నేనెప్పుడూ అడగలేదు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది.

సాయంత్రం మళ్లీ అక్కడికే వెళ్లాను. చలి కొరికేస్తోంది. కూడలికి అవతల తీన్ చర్చి జంట గోపురాలు నల్లబడుతున్నాయి. ఆ చర్చిలోనే ఖగోళవేత్త టైకో బ్రాహే సమాధి ఉంది. ఆయన కొలతలను పట్టుకుని ఈ ఊళ్లోనే కూర్చుని కెప్లర్ అంగారకుడి దారిని తేల్చాడు. ఈ గడియారం మాత్రం ఇంకా భూమినే మధ్యలో పెట్టుకుని నడుస్తోంది. వీధిలో నిలబడి చూసేవాడికి పొద్దు పొడవడం, పొద్దు గూకడం అలాగే కనిపిస్తాయి కాబట్టి నాకందులో తప్పేమీ కనిపించలేదు.

సూర్యబింబం నీలం అంచు దాటి సంజె రంగులోకి జారింది. బంగారు చెయ్యి బయటి వలయం మీద 24ను తాకింది. ఫోన్‌లో నాలుగూ ముప్పై మూడు. ఇంటికి ఫోన్ చేశాను. అక్కడ రాత్రి తొమ్మిది దాటింది, నాన్న భోజనం ముగించి కూర్చున్నారు.

"నాన్నా, ఇక్కడ ఇప్పుడే రోజు మొదలైంది" అన్నాను.

"తెల్లారిందా?"

"లేదు, పొద్దుగూకింది."